మన బీరు ఎక్కడ తయారైందో సీసా ముందు వైపే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రవాసాంధ్రుల తిండి అలవాట్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్నీ, దానిపై పాఠకులు రాసిన ఉత్తరాలనూ శ్రద్ధగా చదివాను. ఆవకాయ, గోంగూర, నాటుకోడి విషయంలో అందరూ ఒక్క మాట మీద ఉన్నారు గానీ, వ్యాసకర్త ఒకచోట ప్రస్తావించిన బీరు దగ్గరికి వచ్చేసరికి రెండు జట్లుగా చీలిపోయారు. బెల్జియం, జర్మనీ, చెక్ దేశాల బీర్లు పక్క వీధి దుకాణంలోనే దొరికే చోట ఉంటూ కింగ్‌ఫిషర్ కోసం వెతుక్కోవడం ఏమిటని ఒకరు వెక్కిరించారు. పరాయి గడ్డ మీద మన దేశపు బీరు తాగడం కూడా ఒక రకం దేశభక్తే అన్నట్టు ఇంకొకరు రాశారు. ఇద్దరి మాటా నాకు సగమే సబబుగా తోచింది. ఇంగ్లండు నడిబొడ్డున ఉన్న డెర్బీలో చాలాకాలంగా కాపురం ఉంటున్నవాణ్ని, శనివారం సాయంత్రం భోజనానికి ముందు మన దేశం పేరున్న సీసా ఒకటి తెరిచే అలవాటున్నవాణ్ని గనుక నాలుగు మాటలు రాస్తున్నాను. విదేశాల్లో మనం ఇంటి బీరు, అంటే మన దేశపు బీరు, అనుకుని తాగేది చాలావరకు ఆ విదేశంలోనే తయారవుతోంది. అంతమాత్రాన దాన్ని ఇష్టపడటం వెర్రితనం కాదు. అయితే ఆ సంగతి తెలిసి తాగే హక్కు డబ్బు పెట్టి కొన్నవాడికి ఉంది, ఆ తెలియజెప్పడం సీసా ముందు వైపునే జరగాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

కింగ్‌ఫిషర్ అనగానే మనకు బెంగళూరు యునైటెడ్ బ్రూవరీస్ గుర్తుకొస్తుంది. థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండు దేశస్థుడు దక్షిణ భారతంలోని అయిదు బీరు తయారీశాలలను కలిపి 1915లో ఆ సంస్థను స్థాపించాడు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో అది విఠల్ మాల్యా చేతికి వచ్చింది. మనకు తెలిసిన కింగ్‌ఫిషర్ 1978లో ఆయన కుమారుడు విజయ్ మాల్యా చొరవతో మార్కెట్లోకి దిగింది. 2021 నుంచి సంస్థలో అధిక వాటా నెదర్లాండ్స్‌కు చెందిన హైనెకెన్‌ది. ఈ వంశవృక్షమంతా పక్కన పెట్టినా, బ్రిటన్‌లో కింగ్‌ఫిషర్ పేరుతో అమ్ముడైన బీరు చాలా ఏళ్లపాటు కెంట్ ప్రాంతంలోని ఫావర్‌షామ్ ఊళ్లో, బ్రిటన్‌లో అందరికంటే పాత బీరు తయారీదారులమని చెప్పుకునే షెపర్డ్ నీమ్ సంస్థలో, లైసెన్సు మీద తయారైంది. తర్వాత 2013లో ఆ బాధ్యత హైనెకెన్ బ్రిటన్ శాఖకు మారింది. అమెరికాలో ఉన్న మన వాళ్లు తాగిన కింగ్‌ఫిషర్ కూడా చాలాకాలం మెండొసినో అనే అమెరికా సంస్థ చేతి తయారీయే. ఆ సంస్థ 2018లో మూతపడింది. అంటే డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉగాది సంబరాల తర్వాత నలుగురు స్నేహితులు చేరి "మన బీరు" అని గ్లాసులు ఎత్తిన రోజుల్లో, అందులోని నీళ్లు అమెరికా నీళ్లే.

ఇక కోబ్రా అనే బీరు కథ తెలుగు పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది, ఎందుకంటే దాని వెనక ఉన్నది హైదరాబాదు మనిషి. కరణ్ బిలిమోరియా 1961లో హైదరాబాదులో ఒక పార్సీ కుటుంబంలో పుట్టారు. తండ్రి సైన్యంలో జనరల్ స్థాయికి ఎదిగిన అధికారి. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి బీకాం పట్టా పుచ్చుకుని, చార్టర్డ్ అకౌంటెన్సీ కోసం లండన్ చేరి, ఆపైన కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రం చదివారు. చదువు తాలూకు అప్పు ఇరవై వేల పౌండ్లు ఇంకా మెడ మీద ఉండగానే బీరు వ్యాపారంలోకి దిగారు. లండన్‌లోని భారతీయ హోటళ్లలో దొరికే లాగర్ బీర్లలో గ్యాసు ఎక్కువై కడుపు ఉబ్బరిస్తోందని, ఇంగ్లీషువాళ్లు ఇష్టపడే ఏల్ రకం బీరు నునుపుగా గొంతు దిగినా మన మసాలా భోజనంతో బరువైపోతోందని ఆయన ఫిర్యాదు. లాగర్‌లోని చల్లదనం, ఏల్‌లోని నునుపు రెండూ ఉన్న బీరు కావాలనుకున్నారు. దాన్ని బెంగళూరులోని మైసూర్ బ్రూవరీస్‌లో తయారు చేయించి 1990లో ఓడ మీద ఇంగ్లండుకు తెప్పించారు. పాత సిట్రోయెన్ కారులో పెట్టెలు వేసుకుని హోటల్ హోటల్‌కూ తిరిగి అమ్మారు. గిరాకీ పెరిగాక 1997లో తయారీని ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌కు మార్చారు. 2009లో మోల్సన్ కూర్స్ సంస్థతో భాగస్వామ్యం కుదిరాక అది బర్టన్ అపాన్ ట్రెంట్ చేరింది. ఆయన 2006లో బ్రిటన్ ఎగువ సభ సభ్యులయ్యారు, ఆ తర్వాత బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చాన్సలర్‌గానూ ఉన్నారు. ఇంత ప్రసిద్ధుడైన మనిషి ఉస్మానియా విద్యార్థి అని చెబితే ఇక్కడి తెలుగు కుర్రవాళ్లలో సగం మంది నమ్మరు. కోబ్రా అంటే ఢిల్లీవాళ్లదో పంజాబీలదో అనుకుంటారు.

బర్టన్ మా ఊరికి కారులో అరగంట కూడా పట్టదు. గాలి ఇటు తిరిగిన రోజున ఊరి పొలిమేరల్లోనే ఉడికిన బార్లీ, పులిసిన ఈస్టు వాసన ముక్కుకు తగులుతుంది. బీరు తయారీలో మిగిలిన ఈస్టుతో మార్మైట్ అనే నల్లటి ఉప్పుముద్ద తయారుచేసే కర్మాగారం కూడా అక్కడే ఉంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని రొట్టె మీద రాసుకుని తింటారు. మన నాలుకకు అది ఒక పట్టాన ఎక్కదు. మీ పాఠకులిద్దరి వాదానికీ జవాబు చెప్పగలిగే చరిత్ర ఈ ఊరికి ఉంది గనుక దాని గురించి కొంచెం విపులంగా రాస్తాను.

పరాయి దేశంలో ఉద్యోగం చేసుకుంటూ ఇంటి బీరు కోసం నాలుక చాచిన మొదటివాళ్లం మనం కాము. మన దేశానికి వచ్చిన ఇంగ్లీషువాళ్లు మనకంటే రెండు వందల ఏళ్ల ముందే ఆ పని చేశారు. ఈస్టిండియా కంపెనీవారు 1611లో మచిలీపట్నంలో దిగినప్పుడు వారికి ఇంటి బీరు దొరికే వీలు లేదు. దొరికిన సారాలో పంచదార, నిమ్మరసం, మసాలా దినుసులు కలుపుకుని పంచ్ అనే పానీయం చేసుకునేవారు. ఆ పానీయం ప్రస్తావన ఉన్న అతి పాత ఇంగ్లీషు ఉత్తరాల్లో ఒకటి 1632లో పెద్దపల్లిలోని, అంటే నేటి బాపట్ల జిల్లా నిజాంపట్నంలోని, కంపెనీ వర్తకుడికి అతని సహోద్యోగి రాసినది. అందులో ఉన్నది, పంచ్ విషయంలో జాగ్రత్త సుమా అన్న తరహా హితవే. ఇంటికి దూరంగా ఉన్నవాడి తాగుడు గురించి తోటివాళ్లు పడే బెంగ ఆనాటిదన్నమాట.

18వ శతాబ్దం చివరికి ఓడల మీద బీరు పీపాలు రావడం మామూలైంది. లండన్ తూర్పున బో అనే చోట జార్జి హాడ్జ్‌సన్ బీరు తయారీశాల ఉండేది. కంపెనీ ఓడలు లంగరు వేసే బ్లాక్‌వాల్ రేవు అక్కడికి దగ్గర. ఏడాది, ఏడాదిన్నర గడువుతో అప్పు ఇచ్చేవాడు గనుక ఓడల కెప్టెన్లు అతని పీపాలనే ఎక్కించుకునేవారు. గుడ్‌హోప్ అగ్రం చుట్టి నెలల తరబడి సాగే ఆ ప్రయాణంలో పీపా రెండుసార్లు భూమధ్యరేఖ దాటేది. మద్రాసులోనో కలకత్తాలోనో దిగేసరికి బీరు బాగా ముగ్గి, రంగు తేరి, తాగేవాళ్లకు మహా ఇష్టంగా ఉండేదట. ఇండియా పేల్ ఏల్ అన్న పేరు ఆ వ్యాపారంలోంచి వచ్చినదే. ఇండియా కోసమే ప్రత్యేకంగా కనిపెట్టారన్న కథను చరిత్రకారులు ఒప్పుకోరు. ఉన్న బీరుకే ప్రయాణం కలిసొచ్చింది. హాడ్జ్‌సన్ సంస్థ లాభమంతా తనకే రావాలని కెప్టెన్లను పక్కకు నెట్టబోయేసరికి, 1820లలో ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు ఒకరు బర్టన్‌లోని శామ్యూల్ ఆల్‌సాప్‌ను కలిసి ఆ రకం బీరు నువ్వు చెయ్యగలవా అని అడిగారు. రష్యా పన్నులు పెంచేసరికి అక్కడి వ్యాపారం పోగొట్టుకుని కూర్చున్న ఆల్‌సాప్‌కు ఇది మంచి అవకాశమైంది. మొదటి నమూనాను టీపాట్‌లో తయారుచేశారని బర్టన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఊరి బావి నీటిలో జిప్సం ఎక్కువగా ఉండటంతో బీరు మరింత తేటగా, చేదు మరింత స్పష్టంగా వచ్చింది. కొద్ది కాలంలోనే బో బీరును బర్టన్ బీరు వెనక్కి నెట్టేసింది.

అయినా ఆ వ్యాపారం కూడా ఎల్లకాలం నిలవలేదు. ఓడ ఖర్చు పెట్టి నీళ్లు మోయడం కంటే ఇక్కడే తయారుచేస్తే పోలేదా అని 19వ శతాబ్దంలో ఎడ్వర్డ్ డయ్యర్ అనే ఇంగ్లీషువాడు హిమాలయాల దిగువన కసౌలీలో బీరు కర్మాగారం పెట్టాడు. జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన డయ్యర్‌కు ఇతను తండ్రి. అంటే మన దేశంలో ఉన్న ఇంగ్లీషువాళ్లు కూడా చివరికి, ఇంటి పేరు పెట్టుకుని, పరాయి నీళ్లతో పరాయి దేశంలో తయారైన బీరునే తాగి తృప్తిపడ్డారు. ఒకప్పుడు ఇండియాలో ఉన్న ఇంగ్లీషువాళ్ల కోసం బీరు చేసి పంపిన బర్టన్, నేడు ఇంగ్లండులో ఉన్న భారతీయుల కోసం, భారతీయ భోజనం మీద మోజుపడ్డ ఇంగ్లీషువాళ్ల కోసం కోబ్రా తయారుచేస్తోంది. కనుక దేశభక్తి మాట ఎత్తిన పాఠకుడికి నా మనవి ఏమంటే, బీరు బరువైన సరుకు, అందులో తొంభై పాళ్లకు పైగా నీళ్లే. గిరాకీ పెరిగిన ఏ బీరైనా తాగేవాడున్న చోటికే వెళ్లి తయారవుతుంది. ఇందులో మన దేశానికి ఎవరూ చేసిన ద్రోహమూ లేదు, మనం చేసిన సేవా లేదు.

రుచి విషయానికి వస్తే, అలా దగ్గర్లో తయారు కావడమే మనకు మేలు. బీరు వైను వంటిది కాదు. నిలవ ఉన్న కొద్దీ, వేడికి గురైన కొద్దీ చెడుతుంది. లోపల మిగిలిన ప్రాణవాయువు వల్ల తడిసిన అట్టముక్క వాసన వస్తుంది. ఆకుపచ్చ సీసాలో పోసి వెలుతురులో నిలబెడితే బీరుకు చేదు కోసం వేసే హాప్స్ అనే పువ్వుల్లోని చేదు పదార్థం విరిగి, ముక్కు మూసుకోవలసిన కంపు పుడుతుంది. ఎర్ర సముద్రం మీదుగా ఇనుప కంటైనరులో ఉడికి వచ్చిన అసలు సిసలు బెంగళూరు సీసా కంటే, పోయిన నెలలోనే బర్టన్‌లో నింపిన సీసాయే నోటికి బాగుంటుంది. అసలుదే కావాలని పట్టుబట్టే మిత్రులు నాకూ ఉన్నారు. వాళ్లు ఊరి నుంచి వచ్చేవాళ్ల పెట్టెలో బట్టల మధ్య చుట్టించి తెప్పించుకున్న సీసాను అందరికీ రెండు గుక్కల చొప్పున పోసి, ఎలా ఉందని అడుగుతారు. మర్యాద కోసం బాగుందంటాం.

బెల్జియం బీరు వదిలి ఇదేమిటని వెక్కిరించిన పాఠకుడికి జవాబు కంచంలో ఉంది. గుంటూరు మిరపకాయ కారం తగిలిన నాలుకకు బుడగలు ఎక్కువున్న బీరు ఉపశమనం ఇవ్వదు, మంట మీద గుచ్చినట్టే ఉంటుంది. బుడగల్లోని బొగ్గుపులుసు వాయువు నాలుక మీద ఆమ్లంగా మారి నొప్పి తెలిపే నాడులనే తడుతుంది. హాప్స్ చేదు దట్టించిన బీరైతే కారం ఇంకా ఘాటుగా తెలుస్తుంది. బెల్జియం సన్యాసుల మఠాల్లో తయారయ్యే ముదురు బీరు గొప్పదే, కాదనను. దాన్ని ఒంటరిగా చిన్న గ్లాసులో చప్పరించాలి. కోడి వేపుడు, అపోలో ఫిష్, ఉల్లిపాయ ముక్కలు చల్లి నిమ్మకాయ పిండిన పల్లీలు ముందు పెట్టుకున్నప్పుడు కావలసింది తేలికగా, చల్లగా, బియ్యమో మొక్కజొన్నో కలిసి కొంచెం తీపి జీర ఉన్న బీరు. మా ఊళ్లో సిల్హెట్ నుంచి వచ్చిన బంగ్లాదేశీ కుటుంబం నడిపే భోజనశాలలో (ఇంగ్లండులో "ఇండియన్" అని బోర్డు కట్టిన హోటళ్లలో చాలావరకు వాళ్లవే) పెద్ద సీసా ఒకటి అడిగితే, చెప్పకుండానే రెండు గ్లాసులు తెచ్చి పెడతారు. ఇంగ్లీషువాళ్ల పబ్బులో ఎవడి గ్లాసు వాడిది. ఒక సీసాను ఇద్దరు పంచుకోవడం, నురగ రాకుండా గ్లాసు వంచి ముందు ఎదుటివాడికి పోయడం మన పద్ధతి. ఆ పద్ధతికి తగ్గ సీసా ఇదే.

ఇక్కడ మరో సంగతి దాచకుండా చెప్పాలి. విదేశాల్లో దొరికే ఈ ఇంటి బీరు, మన ఇంటి దగ్గర జనం ఎక్కువగా తాగే బీరు కాదు. మన రెండు రాష్ట్రాల్లోనూ, ఆ మాటకొస్తే దేశమంతటా, అమ్ముడయ్యే బీరులో సింహభాగం స్ట్రాంగ్ బీరు. ఆల్కహాల్ ఎనిమిది శాతం దాకా ఉంటుంది. వైన్స్ ముందు నిలబడి లైట్ బీరు అడిగేవాళ్లు తక్కువ. పెట్టిన డబ్బుకు ఎంత ఎక్కుతుందన్నదే అక్కడి లెక్క. బ్రిటన్‌లో పన్ను 2023 ఆగస్టు 1 నుంచి పానీయంలోని ఆల్కహాల్ శాతాన్ని బట్టి పెరిగే పద్ధతి వచ్చింది గనుక తయారీదారులు శాతం తగ్గించడానికే చూస్తున్నారు. 660 మిల్లీలీటర్ల సీసాలో 4.8 శాతం బీరు తాగితే, ఇక్కడి ఆరోగ్య శాఖ లెక్కలో 3.2 యూనిట్లు (యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్). వారానికి 14 దాటవద్దని వాళ్ల సలహా. అదే మన 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ సీసా ఎనిమిది శాతమైతే 5.2 యూనిట్లు. ఊరికి సెలవులకు వెళ్లినవాళ్లు ఈ తేడా మరచి, ఇంగ్లండులో తాగినట్టే రెండు సీసాలు తాగి బావమరిది బండి తాళం అడగడం నేను చూశాను. రక్తంలో ఆల్కహాల్ పరిమితి ఇంగ్లండులో 100 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాములు, మన దేశంలో 30 మాత్రమే. తాళం ఇవ్వకపోవడమే బావమరిది ధర్మం.

విచిత్రమేమిటంటే, మాకు ఇక్కడ ఏ సూపర్ మార్కెట్టులోనైనా దొరికే ఈ పేర్లు కొన్నాళ్లపాటు మన ఊళ్లలోనే కరువయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపిన 2019–2024 మధ్య కాలంలో తెలిసిన బీర్లు దొరకడం లేదని, ఎన్నడూ వినని పేర్లే కనిపిస్తున్నాయని బంధువులు ఫోనులో వాపోయేవారు. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు దుకాణాలు వచ్చాకే ఆ గొడవ సద్దుమణిగింది. సంగారెడ్డి జిల్లాలోనే కర్మాగారాలున్న తెలంగాణలో సైతం, 2019–20 నుంచి ధరలు సవరించలేదని, బకాయిలు పేరుకుపోయాయని చెబుతూ యునైటెడ్ బ్రూవరీస్ 2025 జనవరి 8న సరఫరా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కొద్ది రోజులకు సరఫరా మొదలైంది, ఫిబ్రవరిలో ప్రభుత్వం ధర 15 శాతం పెంచింది. ఆ వారాల్లో ప్రవాసంలో ఉన్న మేము కింగ్‌ఫిషర్ ఫొటోలు పంపి ఊళ్లో ఉన్న స్నేహితులను ఏడిపించిన మాట నిజం. అది మరీ అంత గొప్ప పని కాదు గానీ, స్నేహితుల మధ్య చెల్లిపోయింది.

ప్రవాసులంటే ఇంగ్లండు, అమెరికా వాళ్లమే అనుకోవడం మీ వ్యాసంలోనూ, దానికి వచ్చిన ఉత్తరాల్లోనూ కనిపించిన లోపం. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు కూడా ప్రవాసులే. దుబాయిలో డబ్బున్నవాడికి మన బీరు దొరుకుతుంది. మద్యం మీద ఉన్న 30 శాతం పన్నును అక్కడ 2023 జనవరిలో ఎత్తేసి 2025 జనవరిలో మళ్లీ వేశారు. కువైట్‌లో మాత్రం ఎంత డబ్బున్నా చట్టం ఒప్పుకోదు. అక్కడ చాటుమాటుగా దొరికేది దొంగసారా. 2025 ఆగస్టులో మిథనాల్ కలిసిన కల్తీ సారా తాగి కువైట్‌లో ఇరవై మందికి పైగా చనిపోయారు. చాలామంది ఆసియా దేశాల నుంచి వెళ్లిన కూలీలే. కొందరికి చూపు పోయింది. మిథనాల్ ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని తినేస్తుంది. రుచికీ వాసనకూ మామూలు సారాకూ దానికీ తేడా తెలియదు. గల్ఫ్‌కు పంపే ముందు మన ప్రభుత్వాలు కార్మికులకు ఇచ్చే శిక్షణలో ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పించాలని మీ పత్రిక అడిగితే బాగుంటుంది. సీసా ఎక్కడిదో తెలియకుండా తాగితే ఏమవుతుందో అక్కడ తేలిపోయింది. మా బోటివాళ్ల ఫిర్యాదు దాని ముందు చాలా చిన్నది, అది నాకు తెలుసు.

దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన రాష్ట్రం మనది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం, 1997లో దాని సడలింపు చూసిన తరం మాది. అలాంటి చోటి పత్రికకు బీరు గురించి ఇంత పొడుగు ఉత్తరం ఏమిటని కొందరు పాఠకులు నొచ్చుకోవచ్చు. వాళ్లతో నాకు పేచీ లేదు. మా ఇంట్లో ఇప్పటికీ ఆ మర్యాద కొంత నడుస్తోంది. వేసవిలో అమ్మానాన్నలు వచ్చి ఉన్నప్పుడు ఫ్రిజ్‌లో సీసాను పెరుగు గిన్నె వెనక పెట్టేవాణ్ని. నాన్నగారు ఒకనాడు మజ్జిగ కోసం తలుపు తీసి, "ఆ సీసా ముందుకు పెట్టరా, గిన్నె ఒరిగిపోతోంది" అన్నారు. ఆయన పంచాయతీరాజ్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఏ కాగితం చేతికిచ్చినా వెనక వైపు నుంచి చదవడం అలవాటు. సీసా తిప్పి, కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి, కిటికీ వెలుతురుకు పట్టి చదివారు. ముందు వైపు మన దేశం పేరు, మన అక్షరాలను పోలిన అలంకారపు గీతలు, ఏనుగు బొమ్మ. వెనక, చిరునామాలూ హెచ్చరికలూ రీసైక్లింగ్ గుర్తులూ కిక్కిరిసిన చోట, ఆవగింజంత అక్షరాల్లో, తయారీ ఇంగ్లండులోనని ఉంది. "మరి ఈ ఏనుగు ఎందుకురా?" అని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఏ సంస్థదో ఇక్కడ అనవసరం, ఆ తరహా సీసాలు చాలానే ఉన్నాయి.

నాన్నగారి ప్రశ్న చట్టానికీ కొత్తది కాదు. కొనేవాడు పొరబడే అవకాశం ఉన్నప్పుడు సరుకు ఎక్కడిదో చెప్పి తీరాలన్న నియమం బ్రిటన్ ఆహార చట్టంలో ఉంది. ఎంత పెద్ద అక్షరాలతో, ఏ వైపున అన్న దగ్గరే పట్టు సడలుతోంది. ఇది మన బీర్లకే పరిమితం కాదు. స్పెయిన్ రాజధాని పేరును తలపించే మద్రీ అనే బీరు బ్రిటన్‌లోనే తయారవుతూ ఇక్కడ విరగబడి అమ్ముడవుతోంది. అమెరికాలో బెక్స్ అనే జర్మనీ పేరున్న బీరును సెయింట్ లూయీలో తయారుచేస్తూ జర్మనీ బీరు అన్న భ్రమ కలిగిస్తున్నారని వినియోగదారులు కోర్టుకు వెళ్లారు. 2015లో రాజీ కుదిరి, కొన్నవాళ్లకు కొంత డబ్బు వెనక్కి ఇవ్వడానికీ, అమెరికాలో తయారైందన్న మాట స్పష్టంగా కనబడేలా ముద్రించడానికీ సంస్థ ఒప్పుకుంది. జపాన్ పేరున్న కిరిన్ విషయంలోనూ దాదాపు అదే జరిగింది. ఆ తర్వాత ఆ బీర్లేమీ మూలపడలేదు.

కనుక మన దేశం పేరుతో బీరు అమ్ముకునే సంస్థలు కోర్టు దాకా రానివ్వకుండా తమంతట తామే ఈ పని చెయ్యాలని కోరుతున్నాను. ఆల్కహాల్ శాతం ఎంత అక్షరాల్లో వేస్తున్నారో అంత అక్షరాల్లో, దాని పక్కనే, తయారైన ఊరి పేరు వేస్తే చాలు. బర్టన్ అని వేసినా, ఫావర్‌షామ్ అని వేసినా నేను కొనడం మానను. ప్రవాస తెలుగు సంఘాలు ఉగాదికీ దసరాకూ టోకున సరుకు కొనేటప్పుడు పంపిణీదారులను ఈ మాట అడగాలి. ఒక్కొక్కరుగా మేం రాసే ఉత్తరాల కంటే వాళ్ల ఆర్డరుకే విలువ ఎక్కువ. మీ పత్రిక ప్రవాసుల పేజీలో ఈ విషయం మీద సంస్థల వివరణ కూడా అడిగి ప్రచురించాలని మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు,
డెర్బీ, ఇంగ్లండు